లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేటప్పుడు రక్తం కారితే ఎలా ఆపుతారు?

ముందు చేసేది నొక్కి పట్టడమే. చిన్న గాజుగుడ్డ ముక్కను లోపలికి పంపి, లేదా గాల్‌బ్లాడర్‌నే ఆ చోట అదిమిపెట్టి కొన్ని నిమిషాలు ఆగుతారు. కాలేయం మీద నుంచి ఊరే రక్తం చాలాసార్లు దీంతోనే తగ్గిపోతుంది, మిగిలినదాన్ని కరెంటు వేడితో ఆపుతారు. గాల్‌బ్లాడర్‌కు రక్తం తెచ్చే సిస్టిక్ ధమని నుంచి చిమ్మితే మాత్రం రక్తం పీల్చేసి, కారే చోటు స్పష్టంగా కనిపించాకే క్లిప్ (రక్తనాళాన్ని నొక్కి మూసే చిన్న బిగింపు) వేయాలి. గుడ్డిగా క్లిప్పులు వేయడం చాలా ప్రమాదం, ఎందుకంటే పక్కనే పిత్తనాళం, కాలేయానికి వెళ్లే ధమని ఉంటాయి, అవి దెబ్బతింటే రోగి ఏళ్ల తరబడి బాధపడాల్సి రావచ్చు. అప్పటికీ ఆగకపోతే పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌కు మారతారు. దయచేసి దాన్ని డాక్టర్ వైఫల్యం అనుకోకండి, ప్రాణం కాపాడే నిర్ణయం అది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మానేయొద్దు.