కేబుల్ తీసేశాం, మరి మ్యాచ్‌లెలా?

ప్రశ్న: మా అత్తగారిది తుని దగ్గర పల్లెటూరు. ఈమధ్యే కేబుల్ తీసేశారు, మామయ్యగారికేమో ఇండియా మ్యాచ్ ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఫోన్‌లో చూడమంటే కళ్ళు లాగుతున్నాయంటారు, సిగ్నలూ అంతంతమాత్రమే. నెలనెలా కట్టకుండా టీవీలో చూసే దారేదైనా ఉందా అండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, నిక్షేపంగా ఉంది. డీడీ ఫ్రీ డిష్ పెట్టించండి. దూరదర్శన్ వాళ్ళది, 2004 నుంచీ ఉంది, డిష్షూ సెట్ టాప్ బాక్సూ ఒక్కసారి కొనుక్కుంటే చాలు ఇక రీచార్జ్ అన్న మాటే ఉండదు. 2007లో ఒక చట్టం వచ్చింది, దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌లు ఏ ప్రైవేట్ ఛానల్ కొనుక్కున్నా సరే సిగ్నల్ దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి ఇచ్చి తీరాలి, మన మగవాళ్ళ జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఆ లిస్టులో ఉన్నాయి కాబట్టి డీడీ స్పోర్ట్స్‌లో వస్తాయి. డబ్బున్నా లేకపోయినా ఆట అందరికీ అందాలని చేసిన చట్టం, నాకైతే చాలా ఇష్టం. ఇంకోటి, 2017లో సుప్రీంకోర్టు ఆ సిగ్నల్ కేబుల్‌కీ ప్రైవేట్ డీటీహెచ్‌కీ వెళ్ళకూడదంది, అందుకే పక్కింటి కేబుల్లో డీడీ పెట్టినా మ్యాచ్ రాదు, మీ ఫ్రీ డిష్‌లో వస్తుంది.

ఐపీఎల్ ఆ లిస్టులో లేదు, మామయ్యగారికి ముందే చెప్పేయండి. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4ది అడిగి తీసుకోండి, పాత రకంలో కొన్ని ఛానళ్ళు రావు. డిష్ ఆగ్నేయం వైపు తిప్పాలి, అటు కొబ్బరిచెట్లు అడ్డం లేకుండా చూసుకోండి.