పాత బాత్‌రూమ్ పగలగొట్టించే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న అడిగినవారిది అమలాపురం దగ్గర పల్లెటూరట. పాతకాలం బాత్‌రూమ్, ఇండియన్ సీటు తీయించేసి కమోడ్ పెట్టించాలి, సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చేలోపు అయిపోవాలి, ఇప్పుడు కార్తీకం కాబట్టి వచ్చే వారమే మొదలెడదామనుకుంటున్నాం, ముందుగా ఏం చూసుకోవాలి అని అడిగారు. కింద జవాబులన్నీ చదివాను. నునుపు టైల్సా గరుకు టైల్సా, లేత రంగా ముదురు రంగా, షవర్ ఏ కంపెనీది మంచిది, ఇవే. పని జరిగినన్నాళ్లూ మీ ఇంట్లోవాళ్లు ఎక్కడికి వెళ్తారో ఒక్కరూ అడగలేదు. జవాబులు రాసినవాళ్లంతా మగవాళ్లేనని పేర్లు చూడకుండానే చెప్పగలను.

మాది కొత్తపేట దగ్గర. మా ఇంట్లో ఈ పని పెట్టుకున్నదే మామయ్యగారి మోకాళ్ల కోసం. కింద ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి. మేడ మీద ఇంకోటి ఉంది గానీ ఆయన మెట్లెక్కలేరు. ఎవరి కోసం పగలగొడుతున్నామో ఆ మనిషికే దారి లేకుండా చేస్తే ఎలాగండీ? ఈ మాట మా ఆయనతో అంటే, "ఎంతలో అయిపోతుందిలే, మేస్త్రి నాలుగు రోజులన్నాడు" అన్నారు. మేస్త్రి నాలుగు రోజులంటే ఎన్ని రోజులో ఇల్లు కట్టించిన ఎవరినడిగినా చెబుతారు.

అంచేత ముందు పక్కింటి పిన్నిగారి దగ్గరికి వెళ్లాను. వాళ్లకి కమోడ్ ఉంది. దొడ్డివైపు తలుపు తాళంచెవి ఒకటి మాకిచ్చేలా, తెల్లవారుజామున వాళ్ల పిల్లల బస్సు టైముకి అడ్డం రాకుండా మామయ్యగారి వంతు అయిపోయేలా మాట్లాడుకున్నాం. ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా ముందే ఇచ్చేశాను, అద్దె అనుకోండి. స్నానాలకి మా దొడ్లో నూతి పక్కన నాపరాళ్లు పరిపించి, చుట్టూ కొబ్బరాకుల తడికలు కట్టించి, నీళ్లు చెట్ల పాదుల్లోకి పోయేలా చిన్న బోదె తీయించాం. పైన కూడా ఆకుపచ్చ నెట్ కట్టించండి. చుట్టుపక్కల మేడలున్నాయి, తడికలు పక్కనుంచే కాపాడతాయి. ఈ సంగతి మాత్రం ఏ మగవాడికీ తట్టదు. లోపల ఒక ఛార్జింగ్ లైటు, సబ్బుకి ఒక స్టూలు, బట్టలకి ఒక దండెం. ఇవన్నీ అమరాక, ఒకటి రెండు రోజులు అందరూ అక్కడే స్నానం చేసి చూశాక, అప్పుడు గానీ సమ్మెట ఎత్తనివ్వకండి.

ఇక తేదీ. వచ్చే వారం వద్దంటే మీకు కోపం రావచ్చు, అయినా చెబుతాను. పండగ ముందు కోనసీమలో ఖాళీగా ఉన్న మేస్త్రి దొరికాడంటే అనుమానించాలి. ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు వస్తున్నారు, ప్రతి ఇంట్లో రంగులో గచ్చులో ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. ఒకే మనిషి నాలుగిళ్లు ఒప్పుకుని, నాలుగు చోట్లా గోడలు పగలగొట్టి, అడ్వాన్సులు పట్టుకుని ఐదో ఇంటికి వెళ్తాడు. పగలగొట్టేశాక మనం ఇంకెక్కడికి పోతాం అని వాళ్ల ధీమా. పైగా వానలూ తుఫాన్లూ వెళ్లి నేల ఇంకా నానే ఉంటుంది. ఆ రోజుల్లో మా నూతిలో నీళ్లు వంగి చెంబుతో ముంచుకునేంత పైకి ఉంటాయి. అలాంటప్పుడు మరుగుదొడ్డికి వరల గొయ్యి తవ్వినా, పాత గొయ్యి బాగుచేసినా, కిందనుంచి నీరూరి పని సాగదు. గొయ్యి పని కూడా ఉంటే కాలువలకి నీళ్లు ఆపేశాక మే నెలలో పెట్టుకోండి. గొయ్యి జోలికి పోనక్కర్లేకపోతే శివరాత్రి వెళ్లాక, కాలువలకి నీళ్లు ఆపేసేలోపు చేయించుకోండి. మేలో కుళాయి నీళ్లకే కటకట, ఇక సిమెంటు పనిని రోజూ తడిపే క్యూరింగ్‌కి ఎక్కడినుంచి తెస్తారు? 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి డెల్టాకి నీళ్ల బెంగ లేదంటారు గానీ, బాత్‌రూమ్ పని పెట్టుకుంటే తెలుస్తుంది, మనకి ఎక్కువైనా ఇబ్బందే తక్కువైనా ఇబ్బందే.

మా ఇంట్లో పగలగొట్టిన రోజు సంగతి చెబుతాను. ఎనిమిదింటికి వస్తానన్న మేస్త్రి ఆరున్నరకే దిగిపోయాడు, ఇంకోచోట పని ఉందట. వెంట ఇద్దరు కుర్రాళ్లు, ఒక బ్రేకర్ మిషను. లోపల మామయ్యగారు స్నానం చేస్తూ విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. "అయ్యగారు బయటికొచ్చేస్తే మొదలెట్టేస్తామండి" అన్నాడు. "ఆయన వచ్చినా మొదలెట్టరు, ముందు టీ తాగండి" అన్నాను.

వాళ్లు టీ తాగుతుండగా పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయించాను. అది కొత్త వాల్వు, ముందు రోజే ప్లంబర్‌ని పిలిచి వేయించింది. పాత గేట్ వాల్వు పిడి తిప్పుతుంటే తిరుగుతూనే ఉండేది, నీళ్లు మాత్రం ఆగేవి కావు. ఏళ్ల తరబడి ఎవరూ కదపని వాల్వులన్నీ అంతే. గోడలో పైపు పగిలాక గానీ ఎవరికీ దాని గుర్తు రాదు, అప్పటికి ట్యాంకులో ఉన్నదంతా హాల్లో ఉంటుంది. వంటింటికి వేరే లైను, వేరే వాల్వు ఉంటే మరీ మంచిది, బాత్‌రూమ్ పని జరిగినన్నాళ్లూ అన్నం మాత్రం ఆగదు. కరెంటు కూడా అంతే. బాత్‌రూమ్‌కి వెళ్లే కరెంటుని ఆపే ఎంసీబీ దించి, టెస్టర్ పెట్టి చూశాకే గీజరు మీద చెయ్యి వేయనివ్వండి. ఒక కుర్రాడు నీళ్లు వదలకుండానే గీజరు బోల్టులు విప్పబోయాడు. 15 లీటర్ల గీజరంటే లోపల 15 కిలోల నీళ్లు, దానికి గీజరు బరువు అదనం, పైగా అతను నిలబడింది ప్లాస్టిక్ స్టూలు మీద.

కుళాయిలు, బేసిను, అద్దం, తలుపు, పనికొచ్చేవన్నీ తీయించాక, నేల మీది నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్ నోట్లో గుడ్డలు కుక్కి, పైన గోనెసంచి మడత పెట్టించాను. కాసేపటికి చూస్తే గోనెసంచి పక్కన పడుంది, కుర్రాడు కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఎందుకు తీశావు బాబూ?" అంటే "నీళ్లు నిలబడిపోతున్నాయండి" అంటాడు. నిలబడాలనే కదా మూసింది! ఆ సిమెంటు బురద, టైల్స్ పొడి గొట్టంలోకి దిగి గడ్డ కట్టిందంటే తర్వాత కొత్త టైల్స్ పగలగొట్టుకోవాల్సిందే. అక్కణ్నుంచి కుర్చీ వేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాను. మిగతా గదుల తలుపులకి తడిపిన పాత చీరలు కట్టాం. కుర్రాళ్లకి మాస్కులు, కళ్లజోళ్లు నేనే తెప్పించాను. మొహమాటపడ్డారు గానీ గోడ టైల్స్ పైనుంచి కిందికి కొడుతుంటే పెంకులు ఎగిరేసరికి వాళ్లే పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి గచ్చు లేచింది. అసలు కథ అక్కడుంది. నానీ ట్రాప్ నుంచి బయటికి వెళ్లే పాత మట్టి గొట్టాన్ని గునపంతో లేపగానే, లోపలినుంచి గోధుమరంగు వేళ్ల గుత్తి ఒకటి జారి వచ్చింది. జానెడు కాదు, మూరెడు. దొడ్లో కొబ్బరిచెట్టు వేళ్లు అతుకు సందులోంచి దూరి, గొట్టం ఎంత లావుందో అంత లావునా లోపల అల్లుకుపోయాయి. బకెట్లో జాడించి చూస్తే అచ్చం సవరంలా ఉంది. మా ఇంట్లో స్నానాల నీళ్లు సరిగా పోకపోవడం ఈనాటిది కాదు. ఎప్పుడు నిలిచినా అత్తయ్యగారు నన్నూ మా తోటికోడల్నీ అనేవారు, "మీ తలల్లో జుట్టంతా అందులోకే పోతోందర్రా, షాంపూలెక్కువై" అని. ఆ గుత్తిని అరుగు మీద పెట్టి ఆవిణ్ని పిలిచాను. కళ్లజోడు పెట్టుకుని, వంగి తిప్పితిప్పి చూసి, "ఆ చెట్టు పాతింది మీ మామయ్యగారేగా" అని లోపలికి వెళ్లిపోయారు.

ఈ పని ఎందుకు పూర్తిగా పగలగొట్టే చేయించాలంటానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఈమధ్య టైల్స్ మీద టైల్స్ అంటించే పద్ధతి ఒకటి వచ్చింది. దుమ్ము లేదు, ఖర్చు తక్కువ, రెండ్రోజుల్లో అయిపోతుందని షాపువాళ్లు ఊరిస్తారు. కొత్త ఇళ్లలో ఏమో గానీ, మన కొబ్బరితోటల మధ్య పాత ఇళ్లకి అది పనికిరాదు. కింద గొట్టం ఎలా ఉందో, గోడలోపల తుప్పు పట్టిన ఇనప పైపు ఎక్కడ కారుతోందో చూడకుండా పైన ముస్తాబు చేయడం దేనికి? పగలగొట్టే ముందే బయట గొట్టాలు కలిసే ఛాంబర్ మూత తీయించి, లోపల రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించి చూడండి. ఛాంబర్లోకి ధారగా రాకుండా నసుగుతూ వస్తే గొట్టాల ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి. గోడ టైల్స్ మీద వేలి కణుపుతో కొట్టి చూడండి, డొల్ల మోత వచ్చినచోట వెనకాల చెమ్మ ఉండే అవకాశం ఎక్కువ.

కమోడ్ ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. తర్వాత చూద్దాంలే అనకండి. నీళ్లు నిలిచి వాసన ఆపే వంపు గొట్టాన్నే ట్రాప్ అంటారు. ఎస్ ట్రాప్ అయితే నేలలోకి, పి ట్రాప్ అయితే గోడలోకి పోతుంది. ఎస్ ట్రాప్‌లో మళ్లీ గోడనుంచి 9 అంగుళాలదీ, 12 అంగుళాలదీ వేర్వేరు. ఆ కొలత టైల్స్ వేశాక ఉండే గోడనుంచి లెక్క, పెళ్లలు రాలగొట్టిన ఇటుక నుంచి కాదు. ఇంకోటి, పాత ఇండియన్ సీటు కింద విడిగా ఒక ట్రాప్ ఉంటుంది. కమోడ్‌కి దాని ట్రాప్ దానికే ఉంది. మేస్త్రి బద్ధకించి పాతది తీయకుండా దాని మీదే కమోడ్ కూర్చోబెడితే రెండు ట్రాపులై ఫ్లష్ సరిగా లాగదు. అప్పుడు కమోడ్ కంపెనీని తిట్టుకుంటారు. వేడినీళ్ల లైనుకి మామూలు పీవీసీ కాకుండా వేడికి తట్టుకునే సీపీవీసీ పైపు వేయించండి. టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూడండి. తలుపు వెడల్పు చేయించాలనుకుంటే పైన గోడని మోసే లింటల్ ఎంత దూరం ఉందో చూడకుండా గోడ ముట్టుకోనివ్వకండి, పాత ఇళ్లలో ఆ గోడే పైకప్పు మోస్తూ ఉండొచ్చు.

వాస్తు గురించి కూడా ఎవరో రాశారు. మా ఇంటికీ ఒకాయన వచ్చి బాత్‌రూమ్ మూల మారిస్తే మామయ్యగారి మోకాళ్లు బాగుపడతాయన్నాడు. మూల మారిస్తే గొట్టం ఇంటికి అడ్డంగా అటు చివరికి పోవాలి, అంత దూరానికి వాలు ఎక్కడినుంచి వస్తుందండీ, మన నేలే పళ్లెంలా చదునుగా ఉంటే? అదే అడిగాను. ఫీజు తీసుకుని వెళ్లిపోయాడు.

దొడ్డి బాత్‌రూమ్‌లకి పైన సిమెంటు రేకులుంటాయి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. సమ్మెటతో బద్దలు కొట్టనివ్వకండి, నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి రేకు రేకుగా దించాలి.

చివరికి మిగిలేది ముక్కల గుట్ట. మనవైపు పల్లపు స్థలాలెక్కువ కాబట్టి మెరక చేసుకోవడానికి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్లలూ మా ఎదురింటాయన గేదెల పాకలో వేసుకోవడానికి ట్రాక్టరు తెచ్చి పట్టుకెళ్లాడు. టైల్స్ పెంకులు, సీటు ముక్కలు మాత్రం అందులో కలవనివ్వలేదు, గేదెల కాళ్లు కోసుకుపోతాయి. అవి గోనెసంచుల్లో మూతి కట్టించి వేరే పంపాం. రాత్రిపూట తీసుకెళ్లి కాలువ గట్టున పోసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ గుట్టలు జారి డ్రెయిన్లో పూడుకుంటాయి, ఆగస్టులో చేలు మునిగితే అందరం కలిసి గవర్నమెంటుని తిడతాం. కూల్చివేతల చెత్త రోడ్డు మీదా కాలువల్లోనూ పోయకుండా చూసుకునే పూచీ ఆ ఇంటివాళ్లదేనని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే రాశారు, అడిగే నాథుడు లేడు.

కూలి మాట్లాడుకునేటప్పుడే ముక్కల ఎత్తివేత కూడా అందులోనే అని గట్టిగా తేల్చుకోండి, కాగితం మీద రాయించుకున్నా తప్పులేదు. మా మేస్త్రితో నేను ముందే తేల్చుకున్నాను, అయినా సాయంత్రం చేతులు కడుక్కుంటూ మా ఆయన దగ్గర మెల్లగా అడిగి చూశాడు: "పగలగొట్టడం వరకేనండి మా కూలి, మోయడం వేరే అండి, ఆయ్."