అతుకు లేని వంపు

ప్రశ్న: మా తాతగారి నాటి పేము కుర్చీకి వెనక కాళ్లూ, వీపు వంపూ ఒకే కర్ర. ఎక్కడా అతుకు లేదు. అలా ఎలా వంచారండీ? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆవిరితోనమ్మా! ఆ విద్యకు పేరు తెచ్చింది మైకేల్ థోనెట్ అనే జర్మన్ వడ్రంగి. 1859లో వియన్నాలో ఆయన తెచ్చిన 14వ నంబరు కుర్చీకి 6 చెక్క ముక్కలు, 10 మరలు, 2 నట్లు, అంతే. బీచ్ అనే చెట్టు కర్రను ఆవిరిలో మెత్తబరిచి, బయటి అంచు చిట్లకుండా ఇనుప పట్టీ బిగించి, అచ్చులో వంచి ఆరబెట్టేవారు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. నా దృష్టిలో ఇంతకన్నా అందమైన కుర్చీ లేదు.

అన్నట్టు, పేము సడలిందని ప్లైవుడ్ కొట్టించకండి. అడుగువైపు నుంచి తడిగుడ్డతో తడిపి నీడన ఆరనివ్వండి, బిగుస్తుంది. నేను ఎన్నో కుర్చీలకు అలాగే చేశాను.