జాజ్‌కి ఆది తాళం వేసి చూడండి

పాఠకుల ప్రశ్నలు: సంగీతం

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 61 ఏళ్ళు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. పోయినేడాది మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నాను. అక్కడ వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రాలు క్లాసులు పెడతారు, అల్లికలు, స్పానిష్, యోగా అన్నీ ఉంటాయి. నేను వెళ్ళేసరికి జాజ్ చరిత్ర క్లాసులో మాత్రమే ఖాళీ ఉందంటే మా అల్లుడు అందులో చేర్పించాడు, ఎనిమిది వారాలు. మొదటి రెండు వారాలూ నిద్రొచ్చింది, నిజం చెప్పాలి కదా. అయిదో వారం ఆ మాస్టారు లైట్లన్నీ తీసేసి బిల్లీ హాలిడే అనే ఆవిడ పాట ఒకటి వినిపించారు, నాకు ఇంగ్లీషు మాటలు సగమే అర్థమయ్యాయి కానీ ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఇప్పుడు గుంటూరొచ్చేశాను. ఫోన్‌లో పెట్టుకుని వింటుంటే అక్కడ తెలిసినట్టు తెలియట్లేదు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. మావారేమో ఈ వయసులో నీకీ బాకాల గోల దేనికే అంటున్నారు. మన దగ్గర ఇలాంటి క్లాసు ఎక్కడైనా ఉందా? వాయించడం రానివాళ్ళం వినడం నేర్చుకుంటే ఉపయోగమేనా?
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు మీ ఫోన్ సంగతి చెప్తాను, సగం చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. జాజ్‌లో బేస్ అని నిలువెత్తు ఫిడేలు లాంటి వాయిద్యం ఒకటి ఉంటుంది, వేళ్ళతో మీటుతారు, పాట ఎక్కడుందో దారి చూపించేది అదే. ఫోన్‌కి ఉండే చిన్న స్పీకర్‌లో ఆ మంద్ర స్వరాలు దాదాపు పలకవు. మీ క్లాసులో పెద్ద స్పీకర్లు ఉండుంటాయి, అందుకే అక్కడ తెలిసింది ఇక్కడ తెలియట్లేదు. చెవులకి పెట్టుకునే మంచి హెడ్‌ఫోన్ గానీ, టీవీ పక్కన హోమ్ థియేటర్ ఉంటే అది గానీ వాడి చూడండి, అవే పాటలు వేరేగా వినిపిస్తాయి.

ఇక ఈ వయసులో దేనికి అన్న మాట. జాజ్ చరిత్రని పాఠంగా చెప్పడం మొదలైంది కూడా మీలాంటి పెద్దవాళ్ళ కోసమే, ఇది మీవారికి తప్పకుండా చెప్పండి. న్యూయార్క్‌లో న్యూ స్కూల్ అని 1919లో పెట్టిన సంస్థ ఉంది, పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సాయంత్రాలొచ్చి చదువుకునేందుకు పెట్టిందది. 1942లో లెనర్డ్ ఫెదర్, రాబర్ట్ గాఫిన్ అనే ఇద్దరు రచయితలు అక్కడ జాజ్ చరిత్ర మీద క్లాసులు నడిపారు, అప్పటికి పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఈ సంగీతాన్ని గడప తొక్కనివ్వని రోజులు. మన దగ్గర వయోజన విద్య అంటే సంతకం నేర్పే రాత్రిబడి ఒక్కటే గుర్తొస్తుంది, అది గొప్ప పనే, కాదనను, కానీ చదువూ ఉద్యోగం పిల్లలూ అన్నీ అయిపోయాక మనసుకి నచ్చింది నేర్చుకోవడం కూడా వయోజన విద్యే కదా.

గుంటూరు, విజయవాడల్లో జాజ్ వినడం నేర్పే క్లాసు నాకు తెలిసి లేదు. అందుకని మీరే పెట్టండి అంటాను. టీచరు అక్కర్లేదు, నలుగురు మనుషులు, ఒక స్పీకరు, వారానికి ఒక్క పాట, అంతే. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ పెట్టి ఊరూరా రీడింగ్ రూములు లేపిన జనం మనం, ఒక గదిలో కూర్చుని గంటసేపు పాట వినలేమా? గాంధీనగర్‌లో మా మిత్రుడి మేడ మీద మేం ఆదివారం సాయంత్రాలు అలాగే కూర్చునేవాళ్ళం. నేను ఇవాళ మీకు చెప్పబోయేది అక్కడ నేర్చుకున్నదే.

మా గుంపులో ఒక మృదంగం మాస్టారు ఉండేవారు, జాజ్ గురించి ఏమీ తెలియదు, కాఫీ కోసం వచ్చేవారు. ఒకరోజు ట్రంపెట్ (బాకా) వాయించే మైల్స్ డేవిస్ "సో వాట్" పెట్టాం. 1959 మార్చిలో న్యూయార్క్‌లో రికార్డయింది, తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది. మొదట అరనిమిషం పియానో, బేస్ తాపీగా ఏదో వెతుక్కుంటున్నట్టు నడుస్తాయి, తర్వాత బేస్ ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో సమాధానం చెప్తారు. బేస్ మళ్ళీ అంటుంది, మళ్ళీ అదే సమాధానం. మాస్టారు అలవాటు ప్రకారం తొడ మీద ఆది తాళం వేసుకుంటున్నారు, ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, ఒకసారి తిరిగితే ఒక ఆవర్తనం. ఎనిమిది ఆవర్తనాలు అయ్యాయి, తొమ్మిదో ఆవర్తనం సమం (మొదటి దెబ్బ) మీద ఆయన చెయ్యి ఆగిపోయింది, "శ్రుతి మారిందండోయ్" అన్నారు. నాలుగు ఆవర్తనాల తర్వాత "మళ్ళీ వచ్చేసింది" అన్నారు. మేం పుస్తకాల్లో చదివి వారాలపాటు తలలు బద్దలు కొట్టుకుంటున్న సంగతి ఆయన ఒక్క వినికిడిలో పట్టేశారు.

లెక్క ఏంటంటే, వాళ్ళు నాలుగు అక్షరాలని ఒక బార్ అంటారు, రెండు బార్లయితే మన ఆది తాళం ఒక ఆవర్తనం. ఈ పాట 32 బార్లు, అంటే 16 ఆవర్తనాలు. మొదటి ఎనిమిదీ ఒక స్థాయిలో, తర్వాత నాలుగూ హార్మోనియం మీద ఒక్క మెట్టు పైకి జరిగి, చివరి నాలుగూ మళ్ళీ మొదటి స్థాయిలో. ఆ తర్వాత డేవిస్ ట్రంపెట్, కోల్ట్రేన్ శాక్సోఫోన్, యాడర్లీ శాక్సోఫోన్, ఎవాన్స్ పియానో వరసగా వస్తారు, ఎవరొచ్చినా ఈ 16 ఆవర్తనాల చట్రంలోనే తిరుగుతారు, ఒక తిరుగుడు పూర్తవడానికి నిమిషం లోపే పడుతుంది. మీ ఇంట్లో హార్మోనియం ఉంటే రెండో తెల్లమెట్టుని షడ్జమం చేసుకుని వరసగా తెల్లమెట్లన్నీ నొక్కండి, ఖరహరప్రియ రాగం వస్తుంది. ఆ పాటలో మొదటి స్థాయి స్వరాలు అవే.

మీరు ఒక వారమంతా ఈ ఒక్క పాటే వినండి, రోజుకోసారి. మొదటిరోజు తాళం మాత్రం వెయ్యండి. రెండోరోజు బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళండి. మూడోరోజు, తాళం వెయ్యడం మానేసి రెండో అక్షరం మీదా నాలుగో అక్షరం మీదా చిటికె వెయ్యండి, మనకి సమం మీద చరిచే అలవాటు కాబట్టి మొదట్లో చేతికి కష్టంగా ఉంటుంది, కానీ డ్రమ్ముల దగ్గర రేకులు కలిసే చప్పుడు వింటే అవి కలిసేది అక్కడే, అది ఒంట్లోకి దిగిందంటే వాళ్ళు స్వింగ్ అనేది ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్లూస్ అయితే ఇంకా తేలిక. 12 బార్లు, అంటే ఆరు ఆవర్తనాలు. పాడేవాళ్ళు మొదటి రెండు ఆవర్తనాల్లో ఒక మాట అంటారు, తర్వాత రెండింట్లో అదే మాట మళ్ళీ అంటారు, చివరి రెండింట్లో దానికి జవాబు చెప్తారు. దీనికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో చేసిన "వెస్ట్ ఎండ్ బ్లూస్" వినండి. మొదట ట్రంపెట్ ఒక్కటే, తాళం లేకుండా, కచేరీలో ఆలాపన అందుకున్నట్టు పైకెళ్ళి కిందికి దిగుతుంది, పావు నిమిషం కూడా ఉండదు. మొత్తం పాట మూడు నిమిషాల చిల్లర, అప్పటి గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు పట్టేది అంతే మరి. సో వాట్ తొమ్మిది నిమిషాలు సాగిందంటే 1948లో ఎక్కువసేపు పాడే ఎల్పీ రికార్డు రాబట్టి. ఇలాంటివి తెలిస్తే చరిత్ర తారీకుల జాబితాలా కాకుండా చెవికి వినిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను, మీ గుంపులో పాటలు వినేసి కథ వదిలెయ్యొద్దు. ఇది బానిసలుగా తెచ్చిన మనుషుల బిడ్డల సంగీతం. న్యూ ఆర్లీన్స్‌లో ఆదివారం పూట కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆ బానిసలు కూడి ఆడిపాడేవాళ్ళు, 1817లో ఊరి పాలకులు చట్టం చేసి అక్కడ తప్ప ఇంకెక్కడా కూడకూడదన్నారు. తర్వాత కాలంలో ఆ ఊళ్ళో అందరికంటే గొప్పగా కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) ఊదేవాడని పేరున్న బడ్డీ బోల్డెన్ 1907లో పిచ్చాసుపత్రిలో చేరి 1931లో అక్కడే పోయాడు, ఆయన ఊదింది ఒక్క ముక్క కూడా రికార్డుగా మిగల్లేదు. 1917లో మొదటి జాజ్ రికార్డంటూ బయటికొచ్చింది తెల్లవాళ్ళ బ్యాండుది. ఈ మూడు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

మీ మాస్టారు లైట్లు తీసేసి వినిపించిన పాట బహుశా "స్ట్రేంజ్ ఫ్రూట్" అయ్యుంటుంది. 1939లో రికార్డయింది. నల్లవాళ్ళని మూకలు కొట్టి చంపి చెట్లకి వేలాడదీసిన ఘోరం మీద పాట. న్యూయార్క్‌లో కెఫే సొసైటీ అనే చోట బిల్లీ హాలిడే దీన్ని చివర్లో పాడేవారు, పాడేటప్పుడు సర్వర్లు తిరగడం ఆపేసేవాళ్ళు, హాల్లో లైట్లు తీసేసి ఆవిడ ముఖం మీద ఒక్క వెలుగే ఉంచేవాళ్ళు. మీ మాస్టారు అలా చెయ్యడం ఊరికే కాదు. మీకు ఆ రాత్రి అన్నం సయించలేదంటే పాట మీ దాకా చేరింది, దానికి వాయించడం రానక్కర్లేదు.

ప్రశ్న: నేను సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నాను. జాజ్ అంటే మన మనోధర్మం లాంటిదే, స్వరకల్పన చేసినట్టే వాళ్ళూ అప్పటికప్పుడు అల్లుతారు, రెండూ ఒకటే అని మా ఫ్రెండ్స్ అంటారు. నిజమేనా?
(ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: సగం నిజమమ్మా, మిగతా సగం ప్రమాదం. అప్పటికప్పుడు అల్లడం, తాళం లోపల తిరిగి సరిగ్గా ఎడుపుకి (ఎత్తుకున్న చోటికి) రావడం, పక్కవాళ్ళు అన్నదానికి బదులు చెప్పడం, ఇవన్నీ నీకు ఇంట్లో ఉన్నవే. కానీ నీకు తంబురా మొదలెట్టినప్పటి నుంచి మంగళం దాకా ఒకే శ్రుతి. జాజ్‌లో కాళ్ళ కింద నేల కదులుతూ ఉంటుంది, కార్డ్స్ అంటారు, మూడు నాలుగు స్వరాలు కలిపి ఒక్కసారి పలికేవి, అవి మారినప్పుడల్లా ఇందాక బాగున్న స్వరం ఇప్పుడు కుదరదు. సో వాట్ మనకి తొందరగా అంటుకుంటుందంటే అందులో మార్పులు తక్కువ కాబట్టి. అదే కోల్ట్రేన్ అదే 1959 మేలో రికార్డు చేసిన "జెయంట్ స్టెప్స్" విను, నేల ఎన్నిసార్లు జారుతుందో లెక్కపెట్టలేవు. రాగం చెవితో వింటే అది పరుగులా అనిపిస్తుంది తప్ప రుచి తెలియదు, పాట మీద కాకుండా బేస్ మీద చెవి పెట్టి నెలరోజులు వింటే తెలుస్తుంది.

లయలో కూడా చిన్న తేడా చూడు. డేవ్ బ్రూబెక్ బృందం "టేక్ ఫైవ్" అయిదక్షరాల పాట, పాల్ డెస్మండ్ కట్టింది. మన ఖండ చాపు తాళం 2+3, వాళ్ళది 3+2. నీ చాపు వేసుకుంటూ వింటే మధ్యలో ఎదురుదెబ్బ తగులుతుంది. ఈ బృందం 1958లో మన దేశం వచ్చి కచేరీలు చేసింది, మరుసటి ఏడాదే ఈ పాట రికార్డయింది. అటునుంచి ఇటు రావడమే కాదు, మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, అప్పటికి పద్నాలుగేళ్ళే. మన సంగీతమే వాయించాడు, జాజ్ వినడానికొచ్చిన జనం కూర్చుని విన్నారు.

ప్రశ్న: మాస్టారూ, 1920ల నాటి రికార్డులు పెడితే గరగరమని చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అవి వదిలేసి కొత్తవి వింటే చాలదా?
(ఒక రైల్వే ఉద్యోగి, విజయవాడ)

జవాబు: ముందు కొత్తవే వినండి, తప్పులేదు. 1925కి ముందు రికార్డింగుకి మైకు వాడేవాళ్ళు కాదు, పెద్ద గరాటు ముందు నిలబడి వాయిస్తే ఆ గాలి కదలికతోనే సూది గీసేది, అందుకే అలా ఉంటాయి. ఓ ఆర్నెల్లయ్యాక మాత్రం 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బ్యాండు చేసిన "చైమ్స్ బ్లూస్" ఒక్కసారి వినండి, ఆర్మ్‌స్ట్రాంగ్ ఒంటరిగా వాయించిన మొదటి రికార్డు అది, అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. ఆయన ఊదుడు మరీ గట్టిగా ఉందని అందరికంటే వెనక్కి, దూరంగా నిలబెట్టారని చెప్తారు. రికార్డు చేసింది ఇండియానాలో రిచ్‌మండ్ అనే ఊళ్ళో, ఆ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది, బండి వచ్చిందంటే వాయించడం ఆపి అది దాటేదాకా ఆగేవాళ్ళు. మీకు ఆ ఆగడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు కదా.