సాలలో ఆరేసిన గుడ్డ

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా పాప తొమ్మిదో తరగతి, పెద్దమనిషై ఏడాదైంది. ముట్టయితే నాలుగు రోజులు బడికి వెళ్లదు. గుడ్డే వాడుతుంది. ఉతికి, ఎవరి కంటా పడకుండా పశువుల సాలలో ఆరేస్తాం. రెండు నెలలుగా దురదంటోంది. మా అత్తగారు మూడు రోజులు స్నానం వద్దంటారు. ప్యాడ్లు కొంటే తగ్గుతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ఆ సాల దగ్గరే ఆగిపోయింది. టెక్కలి వైపు ఏఎన్ఎంగా తిరిగిన రోజుల్లో నేను చూసిన గుడ్డలన్నీ అలాంటి చోట్లే ఉండేవి: చూరు కింద, గోలెం వెనక, తడి చీర మడతలో. మా అమ్మ కట్టెల మోపు మీద వేసేది, తీసేటప్పుడు తేలు ఉందేమోనని దులిపేది. పెళ్లయ్యేదాకా నేనూ అంతే.

తప్పు గుడ్డది కాదు. శుభ్రమైన నూలు గుడ్డ ప్యాడ్‌కి ఏం తీసిపోదు. నీడలో సగమే ఆరి చెమ్మగా ఉన్నదాన్ని మళ్లీ కట్టుకోవడంతోనే తంటా. ఇప్పుడున్నవి తీసేసి, పాత నూలు చీర చింపి కొత్తవి చేయండి. ముందు చన్నీళ్లలో నెత్తురు వదలగొట్టండి, వేణ్ణీళ్లయితే మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బు పెట్టి ఉతికి డాబా మీద నేరుగా ఎండలో వేయండి. సిగ్గనిపించినా పైన తువ్వాలు కప్పొద్దు, ఎండ తగలదు. ముందు తీగ మీద ఒక లంగా ఆరేస్తే వెనకది ఎవరికీ కనపడదు. ముసురు రోజుల్లో ఇస్త్రీ చేయండి.

గుడ్డయినా ప్యాడయినా నాలుగైదు గంటలకోసారి మార్చాలి. బడి మానేది అందుకేనేమో, పాపని అడగండి: అక్కడ మరుగుదొడ్డికి గడియ ఉందా, నీళ్లొస్తున్నాయా? ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకి 10 ప్యాడ్లిచ్చే స్వేచ్ఛ పథకం 2021 అక్టోబరులో మొదలైంది. మీ బడిలో అందుతున్నాయో లేదో టీచరమ్మని అడగండి. జనఔషధి దుకాణంలో సువిధ ప్యాడ్ ఒక్కోటి రూపాయి. వాడినవి మాత్రం గెడ్డలో, వాగులో పడేయకండి.

మీ అత్తగారికి నా దండాలు చెప్పి, స్నానం మాత్రం రోజూ చేయించండి. వేణ్ణీళ్లు కాచి ఆవిడ చేతే పోయిస్తే ఇంకా మంచిది. లోపల సబ్బు తగలనివ్వొద్దు.

దురద రెండు నెలలంటే ఆలస్యమే. ఈ వారమే పీహెచ్‌సీలో చూపించండి. వాసనతో తెల్లబట్ట అవుతున్నా, జ్వరమో పొత్తికడుపు నొప్పో ఉన్నా ఈరోజే వెళ్లండి. అక్కడ మీరు మాట్లాడకండి, పాపనే చెప్పనివ్వండి.