ఎన్నికల ముందు టీమ్‌లో టెన్షన్: ఏం చెప్పాలి?

"ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా పథకం ఉంటుందో పోతుందో తెలియక టీమ్ సగం పని ఆపేసింది, రోజుకో పుకారు. ఏం చెప్పి నడిపించాలి?" అని ప్రభుత్వ ఆఫీసులో టీమ్‌ను నడిపే ఒకరు అడిగారు. "ఏమీ మారదు, నిశ్చింతగా ఉండండి" అని మాత్రం అనకండి. అది మీ చేతిలో ఉన్న విషయం కాదు. రేపు మారితే, ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు.

నేనైతే పనులను రెండుగా విడదీస్తాను. పింఛన్లు, ధ్రువపత్రాలు లాంటి రోజువారీ సేవలు మామూలుగా ఏ ప్రభుత్వం వచ్చినా నడుస్తూనే ఉంటాయి. కొత్త ప్రకటనలు, పెద్ద కాంట్రాక్టులు, విధాన నిర్ణయాలు ఫలితాల దాకా ఆగొచ్చు. చాలా దేశాల్లో నియమాలే అలా ఉంటాయి. ఎవరి పని ఏ వైపు ఉందో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పండి. సగం భయం అక్కడే తగ్గుతుంది.

వారానికోసారి పదిహేను నిమిషాలు కలవండి. కొత్త కబురేమీ లేకపోయినా ఆ మీటింగ్ మానొద్దు, మానితే పుకార్లకే చోటిచ్చినట్టు.

ఆగిన పని ఉన్నవాళ్లతో హ్యాండోవర్ నోట్ రాయించండి: పథకం ఎక్కడిదాకా వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ నిర్ణయం పెండింగ్‌లో ఉంది. పొగడ్తలు వద్దు, లోపాలు దాచొద్దు. వచ్చే మంత్రి ఏ పార్టీవారైనా అదే నోట్ పనికిరావాలి.

ఆఫీసు గ్రూపులో ఎవరైనా పార్టీల మాటలు పెడుతుంటే, విడిగా పిలిచి ఈరోజే చెప్పండి. ఓటు వాళ్లిష్టం, డ్యూటీలో మాత్రం తటస్థంగా ఉండాల్సిందే.

ఒకవేళ పథకం నిజంగానే ఆగిపోతే, ఏళ్లుగా కష్టపడినవాళ్లకు బాధ ఉంటుంది. వెంటనే కొత్త పని అప్పగించకుండా, ముందు ఒక పూట వాళ్ల మాట వినండి.