పెద్ద టైర్లు వేయించినందున మీటరు తప్పు చూపితే స్పీడు చలానా రద్దవుతుందా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో నా కారుకున్న 185/65 ఆర్15 టైర్లు తీయించి 205/65 ఆర్15 టైర్లు వేయించాను. గత నెలలో గుంటూరు తిరిగి వస్తుండగా మంగళగిరి దగ్గర, 80 పరిమితి బోర్డు ఉన్నచోట, 94 కిలోమీటర్ల వేగంతో నడిపానని ఈ-చలానా వచ్చింది. మీటరు ముల్లు 80 దాటలేదు. టైర్ల వల్లే మీటరు తక్కువ చూపిందని చెప్పి చలానా రద్దు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ కారణంతో రద్దు కావడం కష్టం. పైగా దాన్ని కోర్టులో రాతపూర్వకంగా చెప్పడం మీకు మేలు కంటే కీడే చేయవచ్చు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 183వ సెక్షన్ ప్రకారం పరిమితిని మించి నడపడమే నేరం. మించినట్లు డ్రైవరుకు తెలుసా లేదా అన్నది అందులో అంశం కాదు. కారుకు జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల వరకు ఉంటుంది. మీటరు సంగతి ఆ జరిమానాను కనిష్ఠంగా ఉంచమని కోరడానికి పనికివస్తుందేమో గాని, అంతకు మించి ఉపయోగపడదు.

మీ లెక్క కూడా నిలవదు. మీటరు చక్రం తిరిగే చుట్లను లెక్కించి, కంపెనీ అమర్చిన టైరు చుట్టుకొలతను బట్టి వేగాన్ని చూపుతుంది. పాత టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, కొత్తదానిది 647.5, తేడా సుమారు 4.2 శాతం. అంటే ముల్లు 80 మీద ఉన్నప్పుడు కారు వేగం 83 కావచ్చు. మిగిలిన 11 కిలోమీటర్లకు టైర్లు జవాబు చెప్పలేవు. (మీటర్లను సాధారణంగా అసలు వేగం కంటే ఒకింత ఎక్కువే చూపేలా అమరుస్తారు కనుక ఆ మూడూ ఉండకపోవచ్చు.)

అసలు చిక్కు 52వ సెక్షన్‌తో వస్తుంది. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం)లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. సొంత కారు ఆర్‌సీలో టైరు సైజు సాధారణంగా ఉండదు కనుక ఇది ఆ సెక్షన్ కిందికి రాదని వాదించే వీలుంది, అవసరమైతే నేనూ అలాగే వాదిస్తాను. కాని వెయ్యి రూపాయల చలానా కోసం ఐదు వేల తగాదాను కోరి తెచ్చుకోవడం ఎందుకు? డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో గాని, కారుతో ఇచ్చిన పుస్తకంలో గాని కొత్త సైజు ఉంటే ఈ భయం చాలావరకు తీరుతుంది.

చలానాను ఎదిరించాలనే ఉంటే కెమెరా వైపు నుంచి వెళ్లండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఎ ప్రకారం ఆ పరికరం సక్రమంగా పనిచేస్తున్నట్లు ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. మీ ఫొటోలో నంబరు ప్లేటు స్పష్టంగా ఉందో లేదో చూసి, ఆ ధ్రువపత్రాన్ని కోర్టు ద్వారా అడగండి.

దుకాణం వారు మీటరు సంగతి చెప్పకుండా, ఈ సైజు మీ కారుకు సరిపోతుందని అమ్మి ఉంటే, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే గుంటూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక రుసుము ఉండదు. బిల్లు మీద టైరు సైజు రాసి ఉందో లేదో ముందుగా చూసుకోండి. లేకపోతే పాత టైర్లు తిరిగి వేయించే ముందే కొత్తవాటి ఫొటోలు తీసి ఉంచండి.